మూడు గంటల ఆట

మందమర్రి గని క్వార్టర్లో ఇద్దరు తోడికోడళ్లు సర్కస్‌కు బుట్ట సర్దుతున్నారు. చిన్నామె దవాఖానలో నర్సు. ఆమె డ్యూటీకి పోయినప్పుడల్లా ఆమె పిల్లలిద్దరూ పెద్దామె దగ్గరే ఉంటారు.

“అక్కా, మూడు గంటల ఆటకు పోతం. పులిహోర కలిపిన.”

“చిన్నది పులిహోర తినదు గద చెల్లె. జరంత పెరుగన్నం పెట్టు.”

“నా బిడ్డ ఏం తింటదో నాకు తెల్వదా?”

“తెల్వదన్ననా? రోజు తినిపిస్తున్న గదా, అందుకే చెప్పిన. సకినాలు గూడ పెట్టనా? నేను చేసినయంటే దానికి పానం.”

“ఉండనియ్యి. ఆడ మిక్చర్ కొనిపెడ్త.”

“పోనీ, ఆరు గంటల ఆటకు పోరాదు? మూడింటికి దానికి నిద్రొస్తది. నా కొంగు పట్టుకుంటెనే పంటది.”

“నా చీరకు కొంగు లేదా?”

“గట్లెందుకంటవ్? ఆరింటికైతే నేను గూడ వస్త. మూడింటికి మీ బావ షిఫ్టు దిగి వస్తడు, అన్నం పెట్టాలె.”

“తెల్సు. తెలిసే మూడన్న.”

పెద్దామె సకినాల డబ్బా మూత పెట్టేసింది.

“సరే, పోండ్రి. ఒక్కటి యాదుంచుకో. సింహం రాంగనే చిన్నదాన్ని బయటికి తీస్కపో. మొన్న సర్కసోళ్లు సింహాన్ని బండి మీద తిప్పంగ అది అరిస్తె, పిల్ల గజగజ వణికి నా మెడ పట్టుకొని ఇడువలే.”

“తీస్కపోను.”

“అయ్యో, భయపడ్తదే!”

“పడనీ అక్కా. గీ ఒక్కసారన్న నా మెడ పట్టుకుంటది.”