నాలుగు తరాల ఏషగాళ్లు

ముత్యాల పందిట్ల ముగ్గెవరు ఏసిరో
గజ్జె గల్లన వచ్చె రాజెవ్వరమ్మా
గద్దె మీద... గద్దె మీద...

గద్దె మీద ఏమైందో గట్టమ్మకు యాదికి రాలేదు. నర్సింహులపేటల ఆమెకు తొమ్మిదో పదో ఏండ్లున్నప్పుడు బాగోతమోళ్లు పాడిన పాట అది. రాజు గద్దె ఎక్కకముందే తల్లి ఒళ్లె నిద్రపోయింది. అప్పటిసంది ఆ రాజు ఆమె మనసుల అట్లనే నిలవడి ఉన్నడు, కూసోను జాగ లేక.

"ఏం పాట పెద్దవ్వా అది? మా తాత పాడిన పాటనే గావచ్చు," అన్నడు దీక్షల కూసున్న రాజమల్లు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు బందయి ఇరవై రోజులాయె. మొగుళ్లపల్లి బస్టాండు ముందట డేరా ఏసి రిలే నిరాహార దీక్ష పెట్టిండ్రు. రోజుకు పదిమంది పొద్దున కూసుంటరు, సాయంత్రం అయిదుకు నిమ్మరసం తాగి లేస్తరు. కూసున్నోళ్ల పేర్లు నోటుబుక్కుల రాసే పని గట్టమ్మది. అరవై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్న మనిషి, ఇప్పటికీ ఒత్తు రాసేటప్పుడు నాలిక కొస పండ్ల మధ్య పట్టుకుంటది. పెన్సిల్‌తోనే రాస్తది, తప్పయితే తుడిసేయొచ్చని.

ఆమెకు అక్షరాలు నేర్పిన అంగన్‌వాడీ టీచర్ శోభారాణే డేరా పనులన్నీ చూస్తుండె. ఆ రోజు పొద్దున ఒక తెల్ల కాయితం తెచ్చి గట్టమ్మ చేతుల పెట్టింది.

"పెద్దవ్వా, రేపు ధూంధాం ఉన్నది, ఆటపాటల సభ. స్టేజి మీద రాజమల్లు అన్నకు శాలువ కప్పుతం. నాలుగు తరాల సంది ఆటల్ల, సిన్మలల్ల ఉన్న ఇల్లట వాళ్లది. ఆయన చెప్పింది ఒక్క పేజీ రాయి, మైకుల నేనే చదువుత. మన మాటను సిన్మలల్ల రౌడీలకు పెట్టి నవ్వుతరు గద, మన దగ్గర గూడ ఎసుంటి కళ ఉన్నదో అందరికీ తెల్వాలె. పేజీ మంచిగ రాకపోతే మాత్రం శాలువ పక్కూరి డప్పులోళ్లకు పోతదని కమిటీల అన్నరు."

ఆ చివరి మాట రాజమల్లు చెవుల పడ్డది. యాభై అయిదేండ్ల మనిషి, చిన్నపిల్లగాని లెక్క జరిగి జరిగి గట్టమ్మ మోకాలు పక్కకు వచ్చి కూసున్నడు. ఆయన బతుకుల ఒక్కసారి గూడ ఆయన పేరు మైకుల పలకలేదు. ఫ్లెక్సీ ముందుగాల్నే కట్టిండ్రు. దాని మీద ఎవలిదో కిరీటం పెట్టుకొని రాజమల్లు నవ్వుతుండు. కిరీటం చెవుల దాకా దిగింది.

"రాసుకో పెద్దవ్వా. మా తాత లింగమల్లు హిరణ్యకశిపుడు. నేను ఎక్కువ చెప్ప. ఉన్నదున్నట్టు చెప్త. ఆయన ఒక్కసారి అరిస్తే ముందు వరుసల ఏడ్చే పోరగాడు ఏడుపు ఆపిండు."

"గంతేనా?" అన్నడు భద్రు. భద్రు తండా మనిషి, పొద్దటిసంది నీళ్ల మీదనే ఉన్నడు, కడుపు కాలుతుంది. "మా తండల నేను అరిస్తే గూడ ఆపుతరు."

"పూర్తిగ విను భద్రూ. ఆ పోరడు మళ్ల ఏడ్వలేదు. పెండ్లప్పుడు ఏడ్వలే, ఇల్లు కాలినప్పుడు ఏడ్వలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆ అరుపు ఊరు దాటి పోయి పక్కూరి కొట్టాల్ల పడితే, బర్రెల పొదుగులల్ల పాలు పాలే ఉండంగ పెరుగయినయి. పొద్దున పిండనీకి కూసుంటే గడ్డలు గడ్డలు!"

"జర ఆగు నాయినా," అన్నది గట్టమ్మ. "హిరణ్య కాడనే ఉన్న, కశిపుడు ఇంకా రాలే."

"మెల్లగ రాసుకో. నైజాము పోలీసు పట్టుకపోనీకి వచ్చిండు, అరుపులేందని. వచ్చి తాతను చూసిండు. చూసి, గీనెనే అసలు రాజు, హైదరాబాదుల ఉన్నోడు ఎవడో అనుకొని, టోపి తీసి కాళ్ల కాడ పెట్టి, సెలవు అడిగి ఇంటికి పోయిండు. తాత ఎట్ల వస్తుండెనో చూపెట్టాల్నా? గిట్ల!"

లేచి, భుజం మీది తువ్వాలను రెండు పిడికిళ్ల నడుమ గుంజి పట్టి, రొమ్ము ఎత్తుకు లేపి, నోటితోని దరువేసి, ఎడమ చెయ్యి వదిలి, తల వంచి సర్రున కుడి పక్కకు జరిగిండు. మళ్ల వచ్చి కూసున్నడు. ఆయాసపడుతుండు. డేరాల అందరు చప్పట్లు కొట్టిండ్రు. గట్టమ్మ కండ్లు పెద్దగ చేసుకొని చూసింది. ఆ తువ్వాల దిగిన కాడ నిజంగనే ఒక రాజు నిలవడ్డట్టు అనిపించింది ఆమెకు.

"ఇగ మా బాపు సాయిలు. బాపుది ఆడ ఏషం, చంద్రమతి. మహదేవపూర్ల గోదారి ఇసుకల ఆట. ఎండకాలం, మోకాలు లోతు నీళ్లు లేవు. లోహితుని ఒళ్లె పెట్టుకొని బాపు ఏడుస్తుంటే నీళ్లు నడుం దాకా వచ్చినయి. నేను చెప్తలేను, పడవలోళ్లు చెప్తుండ్రి. అవి ఉప్పు నీళ్లు. చేపలు పరేషాన్! ఇది గోదారా, సముద్రమా అని."

"మరి ఆ చేపలకు ముందే ఉప్పు పట్టింటది, కూరల ఏసే పని లేదు," అన్నడు భద్రు. ఆకలి మీదున్న పదిమంది ఒక్కసారి గుటక మింగిండ్రు.

"కూర మాట ఎత్తకు భద్రన్నా, నీకు దండం," అన్నది శోభారాణి.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అక్కడి పటేలు ఆ చంద్రమతిని చూసి నిద్రపోలే. పెండ్లి చేసుకుంటే గీ పిల్లనే చేసుకుంట అని మూడు బండ్లు కట్టుకొని, పండ్లు ఫలాలు పట్టుకొని మా ఇంటికి వచ్చిండు. మా అవ్వ తలుపు తీసింది. అప్పుడు నేను కడుపుల ఉన్న. పిల్లను చూస్తం అన్నరట. మా అవ్వ ఏమన్నదో ఎరుకేనా? పిల్ల ఇంట్ల లేదు, నాగలి పట్టుకొని చెలకకు పోయింది అన్నది!"

గట్టమ్మ పెన్సిల్ కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మరి పటేలు చెలకకు పోయిండా నాయినా?"

"పోయిండు. నాగలి దున్నే పిల్లను చూసిండు, ఆమె మీసం చూసిండు. అయినా పరవాలేదన్నడట! బాపు ఎట్ల వస్తుండెనో చూపెట్టాల్నా? గిట్ల!"

మళ్ల తువ్వాల. మళ్ల గుంజుడు, లేపుడు, దరువు. మళ్ల ఎడమ చెయ్యి వదిలి కుడి పక్కకు జరుగుడు. చప్పట్లు. గట్టమ్మ చప్పట్లు కొట్టలేదు. పెన్సిల్ చెక్కుకుంటుంది.

"ఇగ నేను. హనుమంతున్ని. లంక కాల్చి మళ్ల సముద్రం దాటే ఘట్టం. అందరు బడిల పంతులు బల్ల మీంచి కిందికి దుంకుతరు. నేను పైకి దుంకిన. దుంకినోన్ని దిగలే. కిందికి చూస్తే జనగామ స్టేషను. రైలు గార్డు నన్ను చూసి పచ్చజెండా ఊపిండు, ముందు నువ్వే పో అన్నట్టు. పోయిన. ఎక్కడ దిగిన్నో ఎరుకేనా? నీ పుట్టినూర్లనే పెద్దవ్వా, నర్సింహులపేట మిరప తోటల."

"మా ఊర్లనా! తోక కాలుతుండె గద నాయినా, తోట కాలలేదా?"

"కాలలే. నేను తోకను మిరప చెట్లకు రాకి సల్లార్పిన. మరి మీ దిక్కు మిర్చికి గంత కారం ఎట్ల వచ్చిందనుకున్నవ్? నాకంటే ముందు మీ ఊర్ల మిరపకాయ సప్పగుండె."

"నా చిన్నప్పుడు గూడ కారమే ఉండె నాయినా. నువ్వు అప్పటికి పుట్టలే," అన్నది గట్టమ్మ నెమ్మదిగ. అంతా నవ్విండ్రు. రాజమల్లు ఆ నవ్వు సద్దుమణగకముందే కొడుకు ముచ్చటకు దుంకిండు.

"ఇగ మా తిరుపతి. హైదరాబాదు సిన్మ. హీరో ముందు పద్నాలుగు మంది రౌడీలు, మావోడు ముందట. హీరో ఒక్క తన్ను తన్నిండు. మిగిలినోళ్లు కింద పడ్డరు. మావోడు పైకి పోయిండు. షూటింగు ఆగింది. మూడు రోజులు అందరు మొఖాలు పైకి పెట్టి ఎదురు చూసిండ్రు. నాలుగో రోజు అన్నం టైముకు దిగిండు, సక్కగ బంతిల్నే! మావోనికి ఒక్క మాట ఉండె సిన్మల, 'ఏందిర బై' అని. అది అంటే మైకు పగిలింది. రెండోది తెచ్చిండ్రు, పగిలింది. ఇగ లాభం లేదని బెజవాడ నుంచి ఒకన్ని పిలిపించి, మావోని నోటికి వాని గొంతు పెట్టిండ్రు."

భద్రు నవ్వు ఆపిండు. "అంటే మన మాట మనోడు మాట్లాడితే పనికి రాదా? రౌడీ మాటకు గూడ అవతలోడే గావాల్నా?"

ఖాళీ బస్టాండ్ల ఒక కుక్క అటునుంచి ఇటు నడిచి పోయింది.

రాజమల్లు తువ్వాల దులిపి భుజం మార్చుకున్నడు. "అయితేంది! ఆ బెజవాడోనికి గిది, గది అనుడు రాక మూడు నెలలు మావోని ఇంట్ల పడి నేర్చుకున్నడు. హీరో గూడ వచ్చి మావోని కాళ్లు మొక్కిండు, నీ లెక్క పడుడు నేర్పు అన్నా అని. మావోడు సిన్మల ఎట్ల వస్తడో చూపెట్టాల్నా? గిట్ల!"

మళ్ల తువ్వాల గుంజి, లేపి, దరువేసి, ఎడమ చెయ్యి వదిలి, పక్కకు జరిగిండు.

"రాజమల్లూ," అన్నది గట్టమ్మ. "కోపానికి రాకు కొడుకా. నాకు తెల్వక అడుగుతున్న. మూడు ఏషాలు చూపెట్టినవ్. మూడు సార్లు తువ్వాల పట్టినవ్, మూడు సార్లు నువ్వే పక్కకు తప్పుకున్నవ్. హిరణ్యకశిపుడేడి? చంద్రమతేది? రాజు వచ్చేదాక తెర పట్టుకొని నిలవడెటోళ్లు ఇద్దరుంటరు గద, వాళ్లు జరిగినట్టే జరుగుతున్నవ్. వచ్చేటోడు ఎవలు నాయినా?"

రాజమల్లు తువ్వాల దిక్కు చూసుకున్నడు. అది ఇంకా కుడి పిడికిట్ల ఏలాడుతుంది. దాన్ని భుజం మీద ఏసుకోబోయి ఆగిండు.

భద్రు తొడలు కొట్టుకుంట నవ్విండు. "సముద్రం దాటిండట! రెండు అడుగులు పక్కకు దాటిండు!"

"పద్నాలుగేండ్ల ప్రాయం నుంచి దాటుతున్న," అన్నడు రాజమల్లు. "తాత ఎడమ కొస పట్టిండు. బాపు కుడి కొస. తర్వాత నేను. ఏషగాళ్లు ఎందరో మారిండ్రు పెద్దవ్వా, ఆ కొసకు మేమే. తిరుపతి హైదరాబాదుల హీరో మొఖం మీద ఎలుతురు పడనీకి తెల్ల అట్ట పట్టుకొని నిలవడుతడు. గని బెజవాడ గొంతు మాట అబద్ధం గాదు. వాని పక్కనున్న పరకాల పిలగానికి అయిందది. మావోడు కండ్లార చూసిండు."

శోభారాణి నెత్తి పట్టుకున్నది. "ఫ్లెక్సీ కట్టినం అన్నా. నాలుగు తరాల నటరాజులు అని పెద్దక్షరాలు."

"కమిటీ ఒక్కసారన్న అడిగిందా బిడ్డా, ఏ ఏషం కట్టిండ్రని?" అన్నది గట్టమ్మ. ఎవరు అడగలేదు. అందరికీ ఒక గొప్ప ఇల్లు గావాల్సి ఉండె, రాజమల్లు ఇచ్చిండు.

గట్టమ్మ రబ్బరు తీసి పేజీ తుడుస్తుంది. పాలు పెరుగయినయి, పోయింది. గోదారి ఉప్పు పోయింది. జనగామ రైలు పోయింది. రాజమల్లు ఆ రబ్బరు దిక్కే చూస్తుండు, శాలువ ఒక్కొక్క పోగు ఊడుతున్నట్టు.

"తెర ఎప్పుడు దించాల్నో ఎట్ల ఎరుకయితది నాయినా?" అని అడిగింది గట్టమ్మ, తుడుసుకుంటనే. ఎగతాళికి అడగలేదు. చిన్నప్పటిసంది ఆమెకు తెల్వని ముచ్చట అది.

రాజమల్లు జర ఆలోచించిండు. "ఊపిరి వినాలె. ఏషగాని ఊపిరి తెరకు తాకుతది. ముందే దించితే రాజు కిరీటం సదురుకునుడు జనం చూస్తరు, రాజు పోతడు, ఎవడో ఎంకటయ్య మిగుల్తడు. ఆలస్యమయితే రాజు తెరల చిక్కుకొని పడ్తడు. ఊపిరి నిలిచినప్పుడు దించాలె. మా ఇంట్ల ఎవరి చేతిల ఒక్క రాజు గూడ పడలే."

పొద్దటిసంది ఆయన చెప్పినవాట్ల ఎవరూ నవ్వని మాట అదొక్కటే. భద్రు గూడ నవ్వలేదు.

గట్టమ్మ నాలిక కొస పండ్ల మధ్య పట్టుకొని మెల్లగ రాసి, కూడబలుక్కుంట చదివింది: "లింగమల్లు, సాయిలు, రాజమల్లు తెర పట్టిండ్రు. వాళ్ల చేతిల ఒక్క రాజు గూడ పడలే. తిరుపతి ఎలుతురు పట్టుకొని నిలవడుతుండు."

"ఇదే చదువుత రేపు," అన్నది శోభారాణి. "ఫ్లెక్సీ మీద మాత్రం ఏదన్న బట్ట కప్పుండ్రి."

"కప్పనీకి వేరే మనిషి ఎందుకు, పట్టెటోడు ఈడనే ఉన్నడు," అన్నడు భద్రు. "అక్కా, రేపు శాలువ గట్టిగ ముడేయి. లేకపోతే దాన్ని గూడ రెండు చేతుల పట్టుకొని పక్కకు జరుగుతడు."

డేరా మొత్తం నవ్వింది. రాజమల్లు గూడ నవ్విండు, ముందు అందరికంటే చిన్నగ, తర్వాత అందరికంటే పెద్దగ. కాయితం తీసుకొని, చదువు రాకున్నా పైనుంచి కిందికి చూసి, గట్టమ్మ చేతుల తిరిగి పెట్టిండు.

"రాస్తే రాసినవ్ పెద్దవ్వా, నీ చేతికి దండం. గని తెర అంటే మామూలు తెర అనుకుంటరు రేపు జనం, దాని పొడుగు గూడ రాయి. తాత ఈ కొస మొగుళ్లపల్లిల పట్టుకుంటే, ఆ కొస పట్టుకున్న మనిషి మహదేవపూర్ల గోదారి ఒడ్డుకు నిలవడుతుండె, ఆ నీడకు నడుమ ఊర్లల్ల మూడు రోజులు వడ్లు ఎండలే, ఎవలనన్న అడుగు!"