మబ్బు బాబాయి గిల్లిన ఆకులు

మబ్బు బాబాయి అంటే ఎవరనేగా అడిగావు? మీ అమ్మ చెప్పలేదా? చెప్పదులే, దానికి తెలిసింది సగమే. కుర్చీ ఇటు లాక్కో, కుడిచెవి ఒక్కటే ఇంకా నా మాట వింటోంది. నేను కబుర్ల మనిషిని కానని నీకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మొక్కల తెగుళ్ళ మీద పాఠాలు చెప్పాను. ఆ పాఠాల్లో ఎక్కడా ఆయన పేరెత్తలేదు. ఎత్తవలసిన చోట్లు వచ్చాయి, గొంతు దాకా వచ్చేది, నల్లబల్ల వైపు తిరిగి ఏదో రాసేవాణ్ణి. ఆయన మా నాన్నగారి తమ్ముడు. ఉన్నది ఒక్కడే తమ్ముడు. మా చేను, వాళ్ళ చేను పక్కపక్కనే, మధ్యలో ఒక మనిషి నడిచేపాటి గట్టు. రెండింట్లోనూ బంగాళాదుంపే. ఆ దుంపే తిండి, ఆ దుంపే మరుసటి ఏటి విత్తనం, ఆ దుంపే నా చదువు. మబ్బు అనేది ఊరు పెట్టిన పేరు. నల్లగా ఉండేవాడేమో అనుకుంటావు, కాదు, నిమ్మపండు ఛాయ. ఆకాశాన చారెడు మబ్బు కనిపిస్తే చాలు, ఆ ఛాయ కూడా దిగిపోయేది. తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడేవాడు. మా పిన్ని, "మబ్బేమీ మిమ్మల్ని పేరు పెట్టి పిలవలేదు, వచ్చి కూర్చోండి" అనేది. వచ్చి కూర్చునేవాడు కానీ ముద్ద దిగేది కాదు.

ఆ భయం ఊరికే రాలేదు. వాళ్ళిద్దరూ పిల్లలుగా ఉన్నప్పుడు ఒక ఏడు ముసురు పట్టి, తెగులు తగిలి చేలన్నీ మాడిపోయాయట. పైమొక్క పోయినా దుంప దక్కిందని మా తాత తవ్వించి కొట్టులో పోయించి తలుపు వేశాడు. తరవాత తలుపు తీయబోతే గడప కిందనుంచి నల్లటి నీళ్ళు వచ్చాయట. దుంపలన్నీ లోపల కుళ్ళి నీరైపోయాయి. ఆ నీళ్ళు బాబాయి పాదాల మీదుగా పారాయి. మా నాన్నా అక్కడే ఉన్నాడు, ఇద్దరూ చూసిందే. ఒకడు మరిచిపోయాడు, ఒకడు మరవలేకపోయాడు. ఇదుగో, ఇది మాత్రం పాఠంలోకి వస్తుంది, విను. ఆకు అంచున తడిసినట్టు ముదురు మచ్చ పడుతుంది. పొద్దున్నే మంచులో ఆకు తిరగేస్తే మచ్చ చుట్టూ తెల్లటి నూగు. అదే ఆకుమాడు తెగులు. మా రోజుల్లో దీన్ని శిలీంధ్రం అనేవాళ్ళం, ఇప్పుడు శాస్త్రం చదివిన పెద్దవాళ్ళు దీన్ని ఆ కుటుంబం నుంచి వెలివేశారు. తెగులుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, దాని పని అది చేసుకుపోతోంది. ఆ నూగు తడి చేతికి అంటుకుంటుంది, తడి బట్టకి అంటుకుంటుంది, గాలిలో ఎగురుతుంది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు ఉంది. బాబాయి కలిపేవాడు, కలిపాక చాకు ముంచి చూసేవాడు, చాకుకి ఎర్రపూత పడితే ఇంకాస్త సున్నం. కానీ ఆ మందు గొడుగు లాంటిది తల్లీ. వాన పడకముందే విప్పాలి, తడిసి ముద్దయ్యాక విప్పి ఏం లాభం? తెగులు నిజంగా వచ్చి కూర్చుంటే మిగిలే దారి ఒక్కటే. పచ్చగా ఉన్న పైమొక్కని మొదలంటా కోసి, దూరంగా తీసుకుపోయి తగలెయ్యాలి. దుంపని కొన్నాళ్ళు మట్టిలోనే ఉంచి, తోలు గట్టిపడ్డాక, నేల ఆరాక తవ్వాలి. పైది వదులుకుంటే కిందది దక్కుతుంది. చెప్పడం తేలిక. పచ్చటి మొక్క మీద కొడవలి వెయ్యడానికి ఎంత గుండె కావాలో వేసినవాడికే తెలుసు.

వేశాడు మరి. అదే చెబుతున్నాను. ఆ ఏడు ముసురు దిగింది, వాగు అవతలి చేలల్లో తెగులు కనబడిందని కబురొచ్చింది. బాబాయి ఇంటిల్లిపాదినీ దింపి తన చేనంతా కోయించేశాడు. పిన్ని ఏడుస్తూనే కోసింది. "ఒక్క మచ్చైనా చూపించండి, నా చేత్తో నేనే కోస్తాను" అందట. ఈయన, "మచ్చ కనిపించేసరికి మనం ఉండం" అన్నాడట. సరే, కోశారు, తగలేశారు. ఆ మర్నాడే ఎండ కాసింది. కాసిందంటే అలా ఇలా కాదు, ఆకాశం తుడిచి పెట్టినట్టు. గాలి ఆరింది. తెగులు వాగు దాటనే లేదు. మా చేలో దుంప పిడికిలంత ఊరింది. బాబాయి చేలో తవ్వితే గోలీలు. తూకం షెడ్డులో నలుగురూ ఉన్నప్పుడు ఆ బుట్టలు దిగాయి. కమ్మరి ఎత్తి చూసి, "ఇవి వండుకోవడానికా, ఆడుకోవడానికా?" అన్నాడు. నూనె కొట్టు ఆయన, "మబ్బుగారు తుమ్మితే మనమంతా దుప్పట్లు కప్పుకోవాలి కాబోలు" అన్నాడు. ఆ పేరు అక్కడే పడింది. అంతవరకూ బాబాయి కూడా నవ్వుతూనే ఉన్నాడట. అప్పుడు మా నాన్న, ఆయనకి తమ్ముడంటే ప్రాణం, కానీ నలుగురిలో నోరు ఆగదు, "గోటితో పోయేదానికి గొడ్డలి తీస్తాడండీ మావాడు! రెండు ఆకులు గిల్లి పారేస్తే పోయేది" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బాబాయి బుట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది. తెచ్చుకోలేదు.

ఏమిటీ? నేనెక్కడున్నానా? చదువుకోసం ఊరికి దూరంగా ఉన్నాను. ఇదంతా నాకు పిన్ని చెప్పగా తెలిసిందే, అదీ ఆయన పోయాక. వరస తప్పించకు, చెప్పనీ.

మరుసటి ఏడు మళ్ళీ ముసురు. మా నాన్న మందు కొట్టలేదు, పోయినేడు ఏమైందని? బాబాయి కొట్టాడు కానీ ఆపైన వచ్చిన వానకి అది కడుక్కుపోయింది. తెల్లారగానే చేలోకి వెళ్ళేవాడు. పళ్ళు తోముకోకుండా, ఎవరినీ పలకరించకుండా. ఒక పొద్దున వాగు వైపు మూల, పల్లంలో, ఒక మొక్కకి మచ్చ కనిపించింది. ఆకు తిరగేశాడు. తెల్లటి నూగు. చిన్నప్పటినుంచీ ఏది వస్తుందని వణికాడో అది వచ్చింది. ఆ క్షణాన ఆయన చెయ్యవలసిందల్లా గట్టెక్కి అన్నయ్యా అని ఒక్క కేక పెట్టడం. అరవలేదమ్మా. ఎందుకు అరవలేదో నువ్వే ఆలోచించు. ఒకవేళ మళ్ళీ ఎండ కాస్తే? మళ్ళీ షెడ్డు, మళ్ళీ గోలీలు, మళ్ళీ ఆ గొడ్డలి మాట. కుళ్ళు నీళ్ళ భయం ఒక పక్క, నలుగురి నవ్వు భయం ఇంకో పక్క. రెండోదే గెలిచింది. ఆకు గోటితో గిల్లాడు. పారేస్తే ఎవరైనా చూస్తారని చొక్కా జేబులో కుక్కుకున్నాడు. ఇంకో ఆకు. ఇంకోటి. తడి మొక్కల్లో నడుము దాకా తడుస్తూ సాలు వెంట సాలు చేనంతా తిరిగాడు. చేతులు అవే, జేబు అదే, బట్టలు అవే. అంతటితో ఊరుకున్నాడా? గట్టు దాటి మా చేలో దిగాడు. అన్నయ్య చూసుకోడు, నవ్వుతాడు, అన్నయ్య చేను నేనే చూడాలి అనుకున్నాడట. మా చేనంతా కూడా వంగి వంగి వెతికాడు. ముసురు ఉన్నన్నాళ్ళూ రోజూ అదే పని. ఇల్లు ఊడ్చేవాడు నిప్పున్న చీపురుతో గది గదికీ తిరిగినట్టు.

నేను సెలవులకి వచ్చింది అప్పుడే. బస్సు దిగగానే వాసన. చేపల కుండ కడగకుండా మూత పెట్టి ఉంచినట్టు ఉంటుంది, అదీ చేలంతా. రెండు చేలూ నల్లగా, ఎవరో పైనుంచి మరిగే నీళ్ళు పోసినట్టు వాలిపోయి ఉన్నాయి. వాగు వైపు నుంచి గాలికి వచ్చిందని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను, చదువుకుంటున్నవాణ్ణి కదా. గాలికి కూడా వచ్చే ఉంటుంది, కాదనను. అయితే గాలికి వచ్చే తెగులు ఒక వైపు నుంచి మాడ్చుకుంటూ వస్తుంది. ఇది మనిషి నడిచిన దారిలో, సాలు వెంట సాలు మాడింది. చూశాను. దాని అర్థం అప్పుడు నాకు తట్టలేదు. పిన్నికి మాత్రం ఆ పాటికే తెలుసు. ఉతుకుతుంటే చొక్కా జేబులోంచి నల్లటి గుజ్జు వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది, మొగుడి మొహం చూసింది, జేబు తిరగేసి బూడిద వేసి రుద్దింది. ఆ తరవాత ఆయనకి కుట్టించిన చొక్కాలకి జేబులు పెట్టనివ్వలేదట. ఊళ్ళో వాళ్ళు అది పిసినారితనం అనుకున్నారు.

అసలు సంగతికి వస్తున్నాను. మా కొట్టులో మిగిలిన దుంప ఏరుతున్నాం. మంచిది ఒక వైపు, మెత్తబడింది ఒక వైపు. మెత్తబడ్డ వైపే పెరుగుతోంది. కమ్మరి ఉన్నాడు, నూనె కొట్టు ఆయన ఉన్నాడు, సాయానికి వచ్చారు. బాబాయి బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, గడప దాటడం లేదు. మా నాన్న లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, అందరి ముందూ అన్నాడు. "మనందరిలో భయపడవలసిన దానికి భయపడ్డవాడు నా తమ్ముడొక్కడే. మనం నవ్వాం. ముందు నవ్వింది నేను. తప్పు నాదిరా" అని భుజం మీద చెయ్యి వేశాడు. బాబాయి చేతిలో బుట్ట జారిపోయింది. పెదవులు కదిలాయి. అందరూ అది సంతోషమనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ రోజునుంచి ఊళ్ళో ఆయన మాటే మాట. మబ్బు పడితే చాలు, "మబ్బుగారూ, మందు కొట్టమంటారా, కోసెయ్యమంటారా?" అని గుమ్మంలో నిలబడేవాళ్ళు. వెటకారం కాదు, నిజంగానే. ఆయన చెప్పేవాడు. సరిగ్గానే చెప్పేవాడు. ఆరకుండా చేలో దిగొద్దు, కాళ్ళూ చేతులూ కడక్కుండా పక్క చేలోకి పోవద్దు, మొదటి మచ్చ కనిపిస్తే కేకెయ్యి, సిగ్గుపడకు. చెప్పి లోపలికొచ్చి గోడకి చేరగిలబడేవాడు. మా నాన్న వాళ్ళింటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా బాబాయి పిన్నిని అడిగేవాడట, "అన్నయ్య ఏమైనా అడిగాడా?" అని. లేదండీ అంటే, "సరిగ్గా గుర్తు తెచ్చుకో" అనేవాడట. మంచంలో పడి, మనుషుల్ని పోల్చుకోలేని రోజుల్లో కూడా ఆ ఒక్క ప్రశ్న మరిచిపోలేదు.

ఆయన పోయాక పిన్ని నాకు చెప్పింది, ఎప్పుడో ఒక రాత్రి ఆయనే తనకి చెప్పుకున్నాడట. నేను వెళ్ళి మా నాన్నకి చెప్పాను. ఆయన అప్పటికి బాగా పెద్దవాడు. గోడ వైపు చూస్తూ విన్నాడు. "తెలుసు" అన్నాడు. "ఆ పొద్దున గట్టు అవతల చెంబట్టుకుని కూర్చుని ఉన్నాను. వాడు మన చేలో వంగి తిరుగుతున్నాడు. నా దుంపలు పీక్కుపోతున్నాడేమో, అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదా అనుకున్నాను. చేను మాడాక అర్థమైంది." మరి తెలిసి తెలిసి అందరి ముందూ ఆ మాట ఎందుకన్నారండీ అని అడిగాను. "గుమ్మంలో వాడి మొహం నువ్వు చూడలేదా? నేనేదైనా అడిగితే, వాడు ఆ మొహంతో ఇంటికి కాదురా వెళ్ళేది, వాగు వైపు వెళ్ళేవాడు. భయం వేసింది. నోటికొచ్చింది అనేశాను. తరవాతైనా వాడంతట వాడే చెబుతాడని చూశాను. చెప్పలేదు. నాకు తెలుసని వాడికి తెలిసిపోతుందేమోనని, నేను వాడింటికి వెళ్ళడమే తగ్గించేశాను" అన్నాడు. నా వైపు తిరిగి, "పోయేముందు నా గురించి ఏమైనా అన్నాడటరా?" అని అడిగాడు.

లేదన్నాను, ఆ ఒక్క ప్రశ్న సంగతి చెప్పకుండా.

ఆ కిటికీ మూసెయ్ తల్లీ, చలిగాలి కొడుతోంది. మీ అమ్మ వచ్చే వేళయింది, గ్లాసులు లోపల పెట్టు.