అతిథి పడుకునే చోటు

అన్యాయం జరిగింది మా అత్తగారికి, బాబూ. పోయిన మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవైకి, మీ మూడో నంబరు కిటికీ ముందే. మీరు చూస్తూనే ఉన్నారు. చూడ్డమేమిటి, మీ చేత్తోనే స్టాంపు గుద్దారు.

ఏమిటీ, కారణం రెండు లైన్లలో రాయాలా? దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి కారణం, రెండు లైన్లు! ఆ రెండు గీతల మధ్య సందు చూశారా? చీమైనా పక్కకి ఒరిగి నడవాలి. నేను రాయను. చెబుతాను, మీరు కుదించుకోండి. కుదించడం మీ ఉద్యోగమే కదా.

వెనక ఎవరూ లేరు, అటు చూడకండి. నా తర్వాతి టోకెనాయన్ని టీకి పంపించాను. పావుగంట పడుతుందన్నాను, పాపం వెళ్ళాడు.

నా ఫైలు సాయంత్రం నాలుగింటికి పై అంతస్తుకి పోతుందన్నారు. పోతే టూరిస్టు వీసా అచ్చయి వచ్చేస్తుంది. అదొకటి వచ్చిందంటే ఏడాది దాకా ఇంకో రకం అడగడానికి లేదు. మీ గోడ మీదే ఉంది, నాలుగుసార్లు చదివాను. ఉమ్మివేయరాదు అన్న బోర్డు కూడా చదివాను. కనిపించిందల్లా చదవడం నా జబ్బు.

ఏడాది అంటే మీకేం, ముప్ఫై దాటలేదు. మా అత్తగారికి డెబ్బై తొమ్మిది. ఆవిడ ముందు ఏడాది అన్న మాట ఎవరంటారు? మీరంటారా?

మొదటినుంచీ చెబుతాను. నేను ప్రెస్సులో బైండింగు పని చేస్తాను. ఏడో క్లాసుతో బడి ఆగిపోయింది. మిగతా చదువంతా కుట్టే పుస్తకాల్లోంచి దొంగిలించిందే. అచ్చయిన కాగితాలు మడతపెడుతూ ఒక కన్ను, సూదిలో దారం ఎక్కిస్తూ ఇంకో కన్ను. అలా ఇరవై ఆరేళ్ళు. రోడ్డు రవాణా చట్టం దగ్గర్నుంచి పశువైద్యం దాకా అన్నీ వచ్చు, వరసలో మాత్రం రావు. మీ రిజిస్టరు ఉంది చూశారూ, ఆ వీపు ఊడిపోతోంది. జిగురు పూసి వదిలేశారు వెధవలు, దారమే వేయలేదు. తర్వాత ఇవ్వండి, చూస్తాను.

వస్తున్నానండీ, విషయానికే వస్తున్నాను.

మా ఆయనది మీరు వీసాలిచ్చే దేశమే. అందుకే ఆయనకి అక్కర్లేదు, నాకే కావాలి. అడుగో, ఆ బెంచీ మీద బూడిదరంగు టోపీ. మనిషి ఇక్కడ, చెవి మాత్రం మీ లిఫ్టు మీద. లిఫ్టు మెకానిక్కు లెండి. ఇందాక ఎక్కేటప్పుడు గోడకి చెవి ఆనించి, "దీని తాడు అలిసిపోయింది" అన్నాడు. పెళ్ళాం అలిసిపోతే కనిపెట్టడానికి వారం పడుతుంది, లిఫ్టుకి మాత్రం అర నిమిషం.

మా ప్రెస్సులో లిఫ్టు బిగించడానికే ఈ దేశం వచ్చాడు. మొదటిరోజే అందులో నేను ఇరుక్కున్నాను. నలభై నిమిషాలు. లోపల్నుంచి నేను ఆయన్నీ, ఆయన కంపెనీనీ, లిఫ్టు కనిపెట్టిన వాడి వంశాన్నీ కడిగేస్తున్నాను. బయట్నుంచి ఆయన "భయం వద్దు, భయం వద్దు" అంటున్నాడు. మన భాషలో ఆయనకొచ్చినవి ఆ రెండు ముక్కలే. నా తిట్లు ఒక్కటీ అర్థం కాలేదు. అందుకే పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడన్నీ అర్థమవుతాయి, టైము మించిపోయింది.

నవ్వండి, నవ్వితే స్టాంపు ఏం అరిగిపోదు.

పదమూడేళ్ళయింది. ఆ ఊరు నేను చూళ్ళేదు. ఒకసారి డబ్బు కుదరలేదు, ఒకసారి ఆయనకి సెలవు కుదరలేదు. రెండూ కుదిరిన ఏడు మా ప్రెస్సుకి పాఠ్యపుస్తకాల ఆర్డరు వచ్చింది. అత్తగారు మాత్రం ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. కొడుకుతో అరగంట మాట్లాడి, ఫోను నాకిమ్మంటుంది. "తిన్నావా?" అంటుంది. మన భాషలోనే! కొడుకు దగ్గర నేర్చుకుంది. "తిన్నాను" అంటాను. తర్వాత ఆవిడ భాషలో ఏదో అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. అంతే. ఆ ఒక్క మాట మీద పదమూడేళ్ళు నడిపాం కాపరం, అత్తాకోడళ్ళం.

ఈసారి అన్నీ కుదిరాయి. ఆయనకి ఇరవై ఒక్క రోజులు సెలవిచ్చారు. మీ దగ్గరికి వచ్చాం. మీరు వీసాలు మూడు రకాలన్నారు. కొట్లో చెప్పుల జతలు చూపించినట్టు ఒక్కొక్కటే తీసి చూపించారు. స్థిర నివాసం, అది ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి అక్కడే ఉండిపోయేవాళ్ళకి, మాకు పట్టదు. కుటుంబ సందర్శన, దానికి అక్కడి మనిషి ఆహ్వాన పత్రం నింపి, వాళ్ళ ఊరి ఆఫీసులో ముద్ర వేయించి పంపాలి. మూడోది టూరిస్టు. హోటల్ గది బుక్ చేసిన కాయితం ఒక్కటి పెడితే పదిరోజుల్లో చేతికొస్తుంది. "అది సులువు కదమ్మా" అన్నారు. అన్నారా, లేదా?

సరే, మిమ్మల్ని ఇరికించడానికి కాదులెండి. చెమట తుడుచుకోండి.

ఇంతకీ వాళ్ళ ఊళ్ళో ఉన్నది ఒక్కటే హోటలు. రెండంతస్తులు, కింద బస్సుల ఆఫీసు. దాని రిసెప్షన్‌లో కూర్చునేది ఎవరనుకున్నారు? మా ఆడపడుచు కూతురు! శుక్రవారం నాడు ఆ పిల్ల బుకింగుల చిట్టా తెరిచింది. అందులో వాళ్ళ మేనమామ పేరు, అత్త పేరు. ఇరవై ఒక్క రాత్రులు, మెట్ల పక్క గది. పిల్ల ఊరుకుంటుందా? సాయంత్రానికి అమ్మమ్మ దగ్గర వాలింది. "మీ కోడలు మా హోటల్లో దిగుతోంది" అని.

సొంత ఇల్లు పెట్టుకుని, కోడలు హోటల్లో! ఆ వీధిలో ఆవిడ తల ఎలా ఎత్తుకుంటుంది? చెప్పండి.

ఆదివారం ఫోను వచ్చింది. కొడుకుతో మాట్లాడింది. అరగంట కాదు, ఆరు నిమిషాలు. ఫోను నాకొస్తుందని చెయ్యి చాపాను. "తిన్నాను" నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఫోను రాలేదు. ఈయన పెట్టేశాడు.

"ఏమంది?" అన్నాను.

"ఏం లేదు" అన్నాడు.

"ఏం లేనిదానికి ఆ ముఖమేమిటి?"

చివరికి చెప్పాడు. "ఆ హోటల్లో పొద్దున టిఫిను బాగుంటుందట. చల్లారకముందే కిందికి దిగమని చెప్పమంది."

చూశారా దెబ్బ? గొంతు పెంచలేదు, మాట తూలలేదు. నేనేమో ఊరంతా వినేలా అరిచి, ఎవరికీ ఏ గాయం చేయలేని రకం. ఆవిడ టిఫిను గురించి ఒక్క ముక్క చెప్పి నన్ను రెండుగా కోసింది. కుళ్ళుకున్నాను, నిజంగా. ఇలాంటి మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవలసింది ఎంతుంది!

తర్వాత ఈయన మీద పడ్డాను. కన్నతల్లి ఉన్న ఊళ్ళో హోటల్ గదా, సిగ్గులేదా, మనిషివా మరమేకువా అని. ఆదివారం రాత్రి అన్నాను, సోమవారం పొద్దున మళ్ళీ అన్నాను. చెప్పులు తొడుక్కుని పనికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన గంటకి పోస్టు వచ్చింది.

ఇదిగోండి ఆ కవరు. గాజు కింద సందులోంచి తోస్తున్నాను, జాగ్రత్త. ఆహ్వాన పత్రం. మేం వస్తున్నామని కొత్త సంవత్సరం నాడు ఫోనులో చెప్పాడట ఈయన. ఆవిడ ఎవరికీ చెప్పకుండా, ఆ నొప్పి మోకాలేసుకుని, ఆ ఆఫీసుకి వెళ్ళి ముద్ర వేయించుకొచ్చింది. తేదీ చూడండి. జనవరి ఆరు. మీ కిటికీ దగ్గర నేను నిలబడింది ఇరవై ఒకటిన. పదిహేను రోజుల ముందే ఆవిడ నన్ను ఇంటికి పిలిచేసింది. పోస్టువాడు మోసుకొచ్చేసరికి నేను హోటల్లో దిగిపోయాను.

ఎవరు చదివి చెప్పారంటారా? నేనే చదువుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, మధ్యాహ్నమంతా. ఆ భాష వ్యాకరణం పుస్తకం ఒకటి ఆరేళ్ళ క్రితం మా ప్రెస్సుకి బైండింగుకొచ్చింది. ఒక కాపీ ఎక్కువ కుట్టి దాచుకున్నాను. మా ఆయనకి తెలీదు. కాస్త మెల్లగా అనండి.

ఇక్కడ చూడండి, ఆరో గడి. "అతిథి పడుకునే చోటు." అందరూ ఏం రాస్తారు? ఇల్లు అనో, గది అనో రాస్తారు. ఆవిడ ఏం రాసిందో తెలుసా? "నా గదిలో, కిటికీ పక్క మంచం. నా మంచం గోడవైపుకి జరిపాను. ఆమె చదువుకుంటుంది, వెలుతురు కావాలి."

గడిలో పట్టలేదు, పక్క ఖాళీలోకి దూకింది రాత. నాలాగే, రెండు లైన్లలో ఇమడదు ఆవిడ కూడా.

కింద ఇంకో గీత ఉంది. "కొడుకు ముందుగదిలో బల్ల మీద." హహ! పదమూడేళ్ళ తర్వాత ఇంటికొస్తున్న ఒక్కగానొక్క కొడుక్కి బల్ల!

ఒక్క క్షణం ఆగండి. దుమ్ము ఎక్కువండీ మీ ఆఫీసులో.

బాబూ, ఇప్పుడు చెప్పేది రాయకండి. పెన్ను కింద పెట్టండి.

సులువు అన్నది మీరే, నిజమే. కానీ మీరు అనకముందే నేను టిక్కు పెట్టేశాను. గుర్తులేదా? మీరింకా మూడో రకం చెబుతూనే ఉన్నారు. దారానికి కట్టిన మీ పెన్ను లాక్కుని టూరిస్టు గడిలో గీసేశాను, దారం తెగినంత పనైంది. ఈయన పక్కనుంచి, "అమ్మ ఇల్లుండగా హోటలా?" అన్నాడు. ఆ ఒక్కసారే అన్నాడు. "కాయితం కోసమేలే" అన్నాను. "నీ ఇష్టం" అన్నాడు.

కాయితం కోసం కాదు. ఆ గదికి లోపల గడియ ఉందో లేదో కూడా కనుక్కోమన్నాను.

ఎందుకా? మీకు తెలుస్తుందో లేదో. నాకున్నది నోరొక్కటే. అందం లేదు, ఆస్తి లేదు, డిగ్రీ లేదు. మా ప్రెస్సు ఓనరు నాకు కుర్చీ వేస్తాడంటే ఈ నోటికి వేస్తాడు. విమానం దిగిన మరుక్షణం అది పోతుంది. ఆ భాష చదవగలను, పలకలేను. అద్దం ముందు నిలబడి పలికి చూశాను, గొంతులో ఎలక ఇరుక్కున్నట్టుంది. ఆవిడ ఎదురుగా కూర్చుని, అడిగినదానికల్లా పళ్ళికిలిస్తూ తలూపే మనిషిని చూసి, మా వాడు చేసుకున్నది ఈ మొద్దునా అనుకోదూ? ఫోనులో అయితే ఒక్క మాటతో గడిచిపోయింది. ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా గడుస్తుంది? అందుకే గడియ ఉన్న గది కావాలనుకున్నాను. మొద్దుగా కనిపించే గంటలు తగ్గుతాయని.

తప్పు నేను చేసి, తిట్లు ఆయనకి తినిపించాను. టిక్కు ఎవరు పెట్టారో కళ్ళారా చూసిన మనిషి! తల్లికి చెప్పాడా? చెప్పలేదు. కనీసం నాకైనా గుర్తు చేశాడా? అదీ లేదు. ఇవాళ పొద్దున "పద, ఆఫీసుకి" అంటే ఎందుకని అడక్కుండా టోపీ పెట్టుకున్నాడు.

చూడకండి, చూడకండి, ఇటే చూస్తున్నాడు.

ఇంక పెన్ను తీసుకోండి. కారణం రాయండి. "దరఖాస్తుదారు టూరిస్టు కాదు." అయిపోయింది. ఒక్క లైనే పట్టింది చూశారా? రెండోది మీ ఆఫీసుకే వదిలేస్తున్నాను.

ఇప్పుడు కుటుంబ సందర్శన ఫారం ఇవ్వండి. పెళ్ళి సర్టిఫికెట్టు, ఇదిగో. ఫొటోలు, ఇదిగో. ఆహ్వాన పత్రం మీ చేతిలోనే ఉంది.

ఏమిటి లోపం? పదకొండో గడి ఖాళీగా ఉందా? తెలుసండీ. "ఎన్ని రోజులు" అన్న గడి. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేసింది. పక్కన పెన్సిలుతో ఉంది చూడండి, "ఇది ఆమె రాసుకోవాలి" అని. నిన్నంతా ఆ గడి ముందే కూర్చున్నాను. పెన్ను తీశాను, పెట్టాను. ఇరవై ఒకటి రాద్దామనుకున్నాను, ఈయన సెలవెంతో అంత. ఈయనుంటే మాట అటూ ఇటూ చేరవేస్తాడు.

మీ రూలు ప్రకారం ఎక్కువలో ఎక్కువ ఎంత? తొంభయ్యా?

తొంభైలో ఇరవై ఒకటి పోతే అరవై తొమ్మిది. అరవై తొమ్మిది రోజులు నేనూ, ఆవిడా, రెండు మంచాలూ. మధ్యలో మనిషి లేడు. ఆవిడకొచ్చింది ఒక్క మాట, నాకొచ్చింది దానికి జవాబు.

ఓనరు సంగతి నేను చూసుకుంటాను. ఒక్క మూడు నెలలు వాడి పుస్తకాలు వాడే కుట్టుకుంటాడు.

రాయండి బాబూ. మోకాలేసుకుని ఆవిడ అంత దూరం నడిచింది, నేను నోరేసుకుని ఇంతైనా వెళ్ళకపోతే ఎలా? మొద్దు అనుకుంటే అనుకోనీ. అక్కడ ఉంటే కదా, అనుకున్నదేమిటో చూసేది.

ఆ ఫారంలో ఇంకో సంగతి. పోయినసారి నేను తిరిగొచ్చే తేదీ ముందు రాసి, వెళ్ళే తేదీ తర్వాత రాశాను. మీరు గమనించే ఉంటారు. ఈసారి వరసలో చెబుతాను. తొంభై రోజులూ, ఒక్కటీ తగ్గించకుండా.

చేరే తేదీ, మార్చి పద్నాలుగు. అక్కణ్ణుంచి బయల్దేరే తేదీ... ఉండండి, వేళ్ళ మీద లెక్కపెట్టుకోనివ్వండి... జూన్ పదకొండు.