రెబ్కా చెయ్యి విరిగిన సంగతి

ఎనభై నాలుగు మార్చి. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి బడి, హెడ్మాస్టరు పానకాలరావు గారి గది. మిరపకాయ కోతల కాలం కదా, కూలీలంతా గుంటూరు వైపు వలసపోయి ఊళ్లో సగం ఇళ్లకి తాళాలే.

“నేను కొట్టలేదు సార్. ఎన్నిసార్లడిగినా అదే చెప్తాను.”

“కొట్టారని నేనన్నానా సంతోషకుమారి గారూ? ఈ పిల్ల అంటోంది. వాళ్లమ్మ పుల్లమ్మ అంటోంది. కోత మానేసి లారీ ఎక్కి వచ్చిన కూలీలందరూ అంటున్నారు. తొమ్మిదేళ్ల పిల్ల, చేతికి కట్టుతో నా ఎదురుగా కూర్చునుంది! రేపు పదింటికల్లా నేను పై ఆఫీసుకి రిపోర్టు పంపాలి.”

“రెబ్కా, సార్‌కి చెప్పమ్మా. నేను కొట్టానా నిన్ను? చెప్పు... తల దించుకోకు.”

“మాట్లాడదండీ. పొద్దుట్నుంచీ ఇదే వరస. పోనీ చూసినవాళ్లున్నారా?”

“ఎవరుంటారు సార్? అప్పటికే బడి వదిలేశారు.”

“అదే అడుగుతున్నా. బడి వదిలాక ఈ పిల్లనొక్కదాన్నే ఎందుకుంచారు?”

“ఎక్కాలు... ఎక్కాలు చెప్పడానికి.”

“రోజూనా?”

“రోజూ అంటే... పన్నెండో ఎక్కం రావట్లేదు సార్.”

“చూడండమ్మా. మీరొచ్చి ఏడు నెలలు కాలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు. కొట్టారని రాస్తే ఉద్యోగం పోయిద్ది. కొట్టలేదని రాయడానికి నా దగ్గరేముంది, సాక్ష్యమా పాడా? నేను వెళ్లి గంట కొట్టించి పిల్లల్ని పంపించొస్తా. ఈలోపు మీరే అడగండి. తేలితే సరే, లేకపోతే నేను రాసేది రాస్తా.”

“అట్లాగే సార్.”



“వెళ్లారులే సార్. ఇటు చూడవే. నొప్పిగా ఉందా?”

“లేదు టీచర్.”

“అన్నం తిన్నావా?”

“తిన్నా. అమ్మే కలిపి పెట్టింది. మిరప ఘాటు ఇంకా పోలేదు అమ్మ చేతులకి. పెరుగన్నం కూడా కారమే. అయినా మొత్తం తిన్నా.”

“నా మీద కోపమా రెబ్కా?”

“ఛ, కోపమెందుకు?”

“మరెందుకట్లా చెప్పావు? ఎప్పుడన్నా ఒక్క దెబ్బేశానా నిన్ను? ఆ రోజు ఏం చేశాం మనం?”

“బొరుగులు తిన్నాం. మీ చిన్నప్పటి కబుర్లు చెప్పారు. ఎక్కాలేం చెప్పలేదుగా! పన్నెండో ఎక్కం నాకొచ్చు టీచర్. సార్‌తో రాదన్నారేం?”

“ఊరికే.”

“ఊరికేనా?”

“గదికెళ్తే ఏముందే నాకు, నాలుగు గోడలు తప్ప? నువ్వుంటే పొద్దుపోయిద్దని ఉంచా. అది సార్‌కెట్లా చెప్పేది? వారం నుంచీ ఊళ్లో ఒక్కళ్లు పలకరించట్లేదు నన్ను. ఇంటావిడ మొహం తిప్పుకుపోతోంది. ఆదివారం చర్చిలో నేను కూర్చున్న చాప మీద ఇంకెవ్వరూ కూర్చోలేదు. నువ్వన్నా నిజం చెప్పు తల్లీ. చెయ్యెట్లా విరిగింది?”

“మీరు వెళ్లాక... బడి గోడెక్కా.”

“గోడెందుకెక్కావే?”

“ఎక్కితేనే మలుపులో గుంటూరు బస్సు కనపడిద్ది. రోజూ ఎక్కుతా. ఆ రోజు బస్సులోంచి నీలం చీర దిగింది. అమ్మేననుకుని చెయ్యూపా. జారి పడ్డా.”

“అమ్మేనా?”

“కాదు. ఎవరో.”

“పడ్డానని చెప్పొచ్చుగా మరి!”

“పడ్డానంటే అమ్మ రాదు టీచర్.”

“ఎందుకు రాదు?”

“కూలీల మేస్త్రి కోత మధ్యలో పంపడు. పోయిన నెల జ్వరమొచ్చిందని కబురంపితే లారీ డ్రైవరుతో నాలుగు మాత్రలు పంపించింది, అంతే. పడిందంటే పసుపూ నూనే పట్టించమంటారు. నన్ను చూసుకునే కొండమ్మ పెద్దమ్మ ఏమైందే అనడిగితే, టీచర్ కొట్టిందన్నా. అంతే, అందరూ వచ్చేశారు! మేస్త్రి కూడా వచ్చాడు.”

“ఎవరన్నా నేర్పారా అట్లా చెప్పమని?”

“లేదు. నాకే తట్టింది.”

“నా ఉద్యోగం పోయిద్దని మాత్రం తట్టలేదు.”

“పోయిద్దా? నాకు తెలీదు టీచర్! ఏడవమాకండి. సార్ రాగానే చెప్పేస్తా. ఒట్టు. చెప్తే ఎంక్వైరీ అయిపోయిద్దా?”

“ఆ. ఇవాళే అయిపోయిద్ది.”

“ఇవాళేనా?”

“ఏం?”

“ఏం లేదు.”

“ఏంటే, చెప్పు.”

“అమ్మని ఎంక్వైరీ తేలిందాకే ఉండమన్నాడు మేస్త్రి. తేలగానే బస్సెక్కాలంట. ఇంకా నెలన్నర ఉందంట కోత... పర్లేదులే టీచర్. చెప్పేస్తా.”

“పిల్లల్ని పంపించేసొచ్చా. ఏమ్మా, తేలిందా? పిల్ల నోరు విప్పిందా?”

“సార్, నేనే...”

“నువ్వుండు రెబ్కా. తేలలేదు సార్. ఇంకో వారం గడువడగండి.”

“వారమా! ఈ వారమంతా ఊరు మిమ్మల్నే అనుకుంటుందమ్మా.”

“అనుకోనివ్వండి. తేలిందాకా పుల్లమ్మని మాత్రం ఊరు దాటించొద్దని మేస్త్రికి మీరే గట్టిగా చెప్పండి సార్.”