సువర్ణ గొంతు

గాలివాన వచ్చిపోయిన మరుసటి ఏడు, కోడూరు దేవదానం నిద్రపోతున్న నాలుగేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని బందరులో బీబీజాన్ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చిలక పంజరం లోపలి గదిలో ఉంది.

"మళ్లీ అడుగుతున్నానని ఏమీ అనుకోకండి బీబీ గారూ. ఒక్కసారి బయటికి తెస్తారా?"

"కొత్తవాళ్లని చూస్తే బెదురుతుంది నాయనా. ముందు ఆ మజ్జిగ తాగు."

"తాగానండీ."

"ఎక్కడ తాగావు? గ్లాసు అలాగే ఉంది."

"అది మా చిలకేనండి. కుడికాలికి ఒక వేలు లేదు. పాలకాయతిప్ప దగ్గర ముళ్లకంపలో పంజరంతో సహా దొరికిందని కాలేషా గారే చెప్పారు, మా ఊరి సంతలో."

"మా ఆయన నోరు ఊరుకోదు."

"మంచి మాటే చెప్పారండీ. సలోమీ అని పిలుస్తుందని చెప్పారు. ఇదిగో, ఇదే సలోమి."

"ఈ పిల్లా... మరి తల్లి?"

"లేదండీ. ఆ గాలివానలో నేను పిల్లని ఎత్తుకున్నాను. సువర్ణ నా వెనకాలే వస్తోందనుకున్నాను. నీళ్లు..."

"వద్దు నాయనా. చెప్పొద్దు."

"అమ్మ ఎలా మాట్లాడేదని పిల్ల అడుగుతోందండి. ఫొటో కూడా లేదు. ఈ చిలక అచ్చం సువర్ణ గొంతే పట్టేసింది. నేనే మోసపోయి లోపలికి వెళ్లేవాణ్ణి. 'సలోమీ, రావే, ముద్ద చల్లారిపోద్ది' అని..."

"ఆ మాటే. ఆ మాటే అనేది."

"అనేదంటే? ఇప్పుడు అనదా?"

"అంటుంది. అనకేం. చిలక నీది, తీసుకెళ్లు. నేను కాదనను. కానీ ఇక్కడ వినకు."

"వినడానికేగదండీ వచ్చింది."

"వచ్చిన కొత్తలో దాన్ని చూసుంటే నీకే ఏడుపొచ్చేది. ఈకలు పీక్కునేది. చెయ్యి పెడితే నెత్తురొచ్చేలా కొరికేది, ఇదిగో మచ్చ. చూస్తుంటే తినదు. జామపండు పెట్టి అటు తిరిగి కూర్చునేదాన్ని. రోజూ కాస్త దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి. ఓ పొద్దున పండుమిరపకాయ నా వేళ్లలోంచే అందుకుంది. ఆ సంబరంలో పొయ్యి మీద అన్నం మాడిపోయినా చూసుకోలేదు."

"మీకు దణ్ణం పెడతానండి."

"ఆగు. పొద్దస్తమానం ఆ మాటే పిలిచేది. పలికేవాళ్లు లేక గుండె పగిలి చస్తుందేమోనని నేనే పలికాను. అది సలోమీ అంటే నేనూ 'సలోమీ, రావే' అనేదాన్ని. అలాగే నన్ను నమ్మింది. భుజమెక్కింది."

"అయితే?"

"అది ఒకరి గొంతని నాకేం తెలుసు నాయనా? చిలక పలుకనుకున్నాను."

"నాకు అర్థం కావట్లేదండి."

"ఇప్పుడా మాట నా గొంతుతో అంటోంది. నేను పిలిచాననుకుని మా ఆయనే లేచి వస్తాడు. ఆవిడ గొంతు పోయింది. నేనే పోగొట్టాను... ఏదైనా అను నాయనా. తిట్టు."

"ఒక్క ముక్క కూడా మిగల్లేదా? చివర్న కాస్త లాగేది సువర్ణ."

"లేదు. రోజూ విన్నదాన్నే. ఇప్పుడు తలుచుకుందామంటే నాకూ గుర్తు రావట్లేదు."

"నాకూ అంతేనండి. అందుకే వచ్చాను."

"సలోమీ, రావే, ముద్ద చల్లారిపోద్ది."

"అదిగో. అదే, లోపల చిలక. పిల్ల లేచినట్టుంది, చూడు."

"నాన్నా, లోపల ఎవరో నన్ను పిలుస్తున్నారు."

"ఎవరూ లేరు తల్లీ. మన చిలక."

"అమ్మ మాట నేర్చుకుందన్నావే, ఆ చిలకా?"

"నాయనా, పసిపిల్ల. ఏం చెబుతావు దానికి?"

"చెప్పు నాన్నా. అమ్మ ఇలాగే పిలిచేదా?"

"ఇలాగేనమ్మా. అచ్చం ఇదే గొంతు."