ప్రూఫ్ అక్కయ్యగారి సోమవారాలు

1987వ సంవత్సరం జూలై ఆరవ తేదీ ఉదయం మా ముద్రణాలయంలో ప్రూఫ్ రీడరుగా బాధ్యతలు స్వీకరించిన నాడు ఆమె వయస్సు ఇరవై రెండేళ్లు. వయసులో నాకంటే రెండేళ్లు పెద్దవారే అయినా, డిస్పాచ్ విభాగంలో ఒక ఏడాది ముందు చేరిన గుమాస్తాననే పెద్దరికంతో ఆమెకు ఆఫీసంతా చూపించడానికి బయలుదేరాను. నోటీసు బోర్డు మీద నేను స్వహస్తాలతో రాసిన ప్రకటనలోనే నాలుగు తప్పులు చూపించుకుని తిరిగివచ్చాను. ఆ వారంలోనే ఆమె చిన్నా పెద్దా అందరికీ ప్రూఫ్ అక్కయ్య అయిపోయారు.

1991లో, అచ్చు అక్షరాలు పోతపోసే గదిలో కరిగిన సీసం చిమ్మి ఒక కార్మికుడి ముంజేయి కాలింది. ఒకరు సిరాబుడ్డితో, ఒకరు టూత్‌పేస్టుతో పరుగెత్తుకొచ్చారు. అక్కయ్యగారు చేతిలో కాగితాలు బల్ల మీద పడేసి, "అవన్నీ పూయకండి. ముందు కుళాయి దగ్గరికి పదండి" అంటూ అతణ్ణి లాక్కెళ్లి, గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాలపాటు ఆ చేతిని నీటిధార కింద నుంచి కదలనివ్వలేదు. అతగాడు తిట్టని తిట్టు లేదు. వైద్యులు మాత్రం ఆ పని చేసినవారెవరని ప్రత్యేకంగా అడిగారట. ఆ మాట చెవిన పడి, యాజమాన్యం ఆమెను ప్రథమ చికిత్స శిక్షణకు పంపింది. పన్నెండు రోజుల తరువాత ఆమె ఒక ధ్రువపత్రంతో, ఒక తెల్లపెట్టెతో, మమ్మల్ని ఎవరినీ వదిలిపెట్టకూడదన్న పట్టుదలతో తిరిగివచ్చారు.

ప్రతి సోమవారం టీ విరామానికి ముందు పావుగంట, కాగితాల గోదాములో మాకు అభ్యాసం మొదలైంది. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకూడదనీ, మూర్ఛ వచ్చినవారి నోట్లో ఏదీ కుక్కకూడదనీ మేము నేర్చుకున్నది అక్కడే. గోనెసంచిలో కాగితపు కత్తిరింపులు కూరి, పాత చొక్కా తొడిగిన బొమ్మ మీద గుండె నొక్కడం నేర్పేవారు. ఆ బొమ్మకు 'బావగారు' అని నామకరణం చేసింది మా బైండింగు మేస్త్రీ. ఆయన పరమ నాటకాలరాయుడు. సజీవమైన రోగి అవసరమైనప్పుడల్లా తానే ముందుకొచ్చి, నేల మీద దొర్లి, "అమ్మో, నా పెళ్లాం పిల్లలు ఏమైపోతారో!" అని గోడలదిరేలా మూలిగేవారు. అక్కయ్యగారి భర్త, మాస్టారు, తమ ఇంట్లో ఆ వేషం తనదేనని చెప్పుకుని వాపోయేవారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పక తప్పదు. నేను హాజరు పుస్తకంలో సంతకం గిలికి, వెనుక తలుపు గుండా టీకి జారుకునేవాణ్ణి. ఒకటి రెండు వారాలు కాదు, ఏళ్ల తరబడి.

2009 మార్చిలో ఒక సోమవారం నేను జారుకోబోతుండగా గోదాములో మేస్త్రీ రోగి వేషం కట్టడానికి లేచి, రెండడుగులు వేసి, దభీమని పడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇవాళ అదరగొట్టావయ్యా మేస్త్రీ!" అన్నాడు కటింగు మెషీను ఆపరేటరు. నేనూ గుమ్మం దగ్గర ఆగి పగలబడి నవ్వాను.

"నవ్వకండి. మేస్త్రీ మూలగడం లేదు" అన్నారు అక్కయ్యగారు.

అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు తట్టి పిలిచి, రొమ్ము కదలిక చూశారు. "గురక పెడుతున్నాడు కదక్కా" అన్నారెవరో. "అది ఊపిరి కాదు. నువ్వు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, చేసి వచ్చి నాతో చెప్పు. నువ్వు గేటు దగ్గర నిలబడు" అని ఇద్దరిని వేలుపెట్టి చూపించి పంపి, గుండె నొక్కడం మొదలుపెట్టారు. కొద్దిసేపటికి ఆమె చేతులు అలసి, గుమ్మం దగ్గర్నుంచి వచ్చి అందరికంటే దగ్గరగా నిలబడ్డ నన్ను చూశారు.

"తమ్ముడూ, రా."

"నాకు రాదక్కా" అన్నాను.

"రాదని నాకు తెలుసు. చెయ్యి ఇక్కడ పెట్టు. మోచేతులు వంచకు. ఎముక విరిగినా ఫర్వాలేదు, నొక్కు."

ఆమె లెక్కపెడుతుంటే నేను నొక్కాను. నా చేతి కింద ఏదో పటుక్కుమంది, ఆగబోతే గద్దించారు. వంతులవారీగా అలా పదకొండు నిమిషాలు, అంబులెన్సువారు వచ్చి యంత్రంతో ఆ గుండెను మళ్లీ దారిలో పెట్టేదాకా సాగింది. మూడు నెలల తరువాత మేస్త్రీ పనిలోకి వస్తూనే, "నా పక్కటెముకలు విరగ్గొట్టిన మహానుభావుడెవరు?" అని అడిగారు. నేను లేచి నిలబడితే, నన్ను పట్టుకుని పసివాడిలా ఏడ్చారు.

నా దొంగ సంతకాల సంగతి ఒప్పుకుందామని ఆ సాయంత్రం అక్కయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆమె హాజరు పుస్తకం తెరిచారు. నా ప్రతి సంతకం పక్కనా, ఇక్కడ ఏదో లోపించిందని చెప్పే ప్రూఫు గుర్తు, ఎర్ర పెన్సిలుతో, చిన్నగా. "పైవాళ్లకి చెబితే బలవంతాన వచ్చేవాడివి, చేతులు కట్టుకుని నిలబడేవాడివి. నీ అంతట నువ్వే దిద్దుకుంటావని చూశాను" అన్నారు. ఆ తరువాత నేను ఒక్క సోమవారమూ మానలేదు.

సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అక్కయ్యగారు ముఖ్య ప్రూఫ్ రీడరై, సంపాదక విభాగ పర్యవేక్షకురాలై, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సభకు డెబ్బై ఒక్క ఏళ్ల మేస్త్రీగారు మనవరాలి చెయ్యి పట్టుకుని వస్తున్నారు. ఆ రోజుల్ని తలుచుకుంటే, ఆ గోదాములో ఇంకొక్క పావుగంట కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటుంది.

అక్కయ్యగారూ, మాస్టారితో, పిల్లలతో, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ హాయిగా ఉండండి. మా సాయం అవసరమయ్యే క్షణం మీ జీవితంలో ఎన్నడూ రాకూడదు. ఒకవేళ వస్తే మాత్రం కంగారుపడకండి: ఇక్కడ మీరు నేర్పిన నలభై మూడు జతల చేతులున్నాయి. అందులో ఒక జత నావి.