చెప్పులు ఒడ్డునే

బూర్గంపాడులో నటన శిక్షణ. భోజనాలకు అందరూ వెళ్ళినా ఒక అమ్మాయి వేదిక మీదే కూర్చుండిపోయింది. ఆమె చెప్పులు వేదిక అంచున ఉన్నాయి. నాటకం మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అన్నం తినవా అమ్మా? పొద్దున మస్తు చేసినవ్.”

“నేనేం చెయ్యలే సార్. ఎదుటోళ్ళు ఏమన్నా కాదనొద్దని మీరే చెప్పిండ్రు. గందుకే అవ్ అని చెప్పిన.”

“గదే కదా ఆట. అప్పటికప్పుడు కల్పించి మాట్లాడాలె. నీతోని ఆడిన జయప్రకాశ్ పడవ ఎక్కమన్నడు, నువ్వు ఎక్కుతనన్నవ్.”

“చెప్పులు ఒడ్డునే విడువు చెల్లే అన్నడు సార్. మా అన్న గోదావరిల పోయిననాడు ఒడ్డున చెప్పులే దొరికినయ్.”

“ఆ సంగతి జయప్రకాశ్‌కు చెప్పినవా?”

“ఎవ్వరికీ చెప్పలే. ఆయన నిన్ననే మధిర నుంచి వచ్చిండు. నోటికొచ్చిందే చెప్పిన అంటున్నడు.”

మాస్టారు వేదిక అంచున ఉన్న చెప్పుల వైపు చూశాడు.

“నోటికి ఏదో ఒకటి వస్తది, భయపడకు. తిన్నంక మళ్ళ చేపిస్త. ఈసారి రానని చెప్పు.”

“కాదనొద్దు కద సార్?”

“ఈ ఒక్కసారికి కాదను. నేనే చెప్తున్న.”

“జయప్రకాశ్ అడిగితే అంట సార్. అన్న అడిగితే ఎట్లంట?”